ఎవరూ అడగని ప్యాచ్: డ్రైవర్ క్లీనప్‌ని రివ్యూ చేయడం ఎలా

పోయిన నెల ఒక ఆదివారం మా పిన్ని కొడుకు గుంటూరు నుంచి లాప్‌టాప్ భుజానేసుకుని పటమటలో మా ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడాది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌కి మొదటి ప్యాచ్ (కోడులో చేసిన మార్పు) పంపబోతున్నాడు. పంపేముందు నేనొకసారి చూడాలట. "చాలా చిన్నది అన్నయ్యా, క్లీనప్పే. మూడు లైన్లు తీసేశానంతే" అన్నాడు, కాఫీ చల్లారేలోపు అయిపోతుందన్నట్టు. భోజనాల వేళ దాటినా మేం ఆ మూడు లైన్ల దగ్గరే ఉన్నాం.

వాడు ఎంచుకున్నది ఒక పాత కార్డు డ్రైవర్, అంటే ఆ కార్డుతో కెర్నల్ మాట్లాడటానికి రాసిన కోడు. అందులో ఇంటరప్ట్ (పని పడిందని కార్డు ప్రాసెసర్ని పిలిచే సంకేతం) వచ్చినప్పుడల్లా నడిచే ఫంక్షన్ ఒకటుంది. దాని మొదట్లో ఒక వేరియబుల్ డిక్లేర్ చేశారు. కార్డు తన పరిస్థితి చూపించే స్టేటస్ రిజిస్టర్ని చదివి ఆ విలువ అందులో పెట్టారు. ఆ తర్వాత ఆ వేరియబుల్ జోలికి ఎవరూ పోలేదు. కోడుని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ని కాస్త గట్టిగా తనిఖీ చెయ్యమంటే "విలువ పెట్టారు గానీ వాడలేదు" అని వార్నింగ్ ఇచ్చింది. మావాడు డిక్లరేషన్ తీసేశాడు, చదివే లైను తీసేశాడు, వాటి కింద ఉన్న ఖాళీ లైను కూడా తీసేశాడు. కంపైలర్ నోరు మూసుకుంది. ప్యాచ్ రెడీ.

"ఆ చదివే లైను ఎందుకు రాశారంటావు?" అనడిగాను.

"ఎవరో తర్వాత వాడదామని పెట్టి మర్చిపోయుంటారు."

మామూలు ప్రోగ్రాముల్లో అయితే వాడన్నదే నిజం. ఒక విలువని చదివి వాడకపోతే అది దండగ లైనే. డ్రైవర్లో అలా కాదు. అక్కడ చదవడమే ఒక పని. చాలా పరికరాల్లో స్టేటస్ రిజిస్టర్ చదివితే చాలు, అందులోని బిట్లు వాటంతటవే చెరిగిపోతాయి. "నీ కబురు అందింది, ఇక పిలవడం ఆపు" అని కార్డుకి చెప్పే పద్ధతే అది. ఆ లైను తీసేస్తే కార్డు పిలుస్తూనే ఉంటుంది. ఫంక్షన్ ముగిసేసరికి ఇంటరప్ట్ లైను, అంటే కార్డు పిలిచే తీగ, ఇంకా మోగుతూనే ఉంటుంది, ఫంక్షన్ మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ముగుస్తుంది, మళ్ళీ మొదలవుతుంది.

కెర్నల్లో దీనికో ఆపద్బాంధవుడు ఉన్నాడు. ఒకే ఇంటరప్ట్ లైను మీద వచ్చిన 1,00,000 ఇంటరప్టుల్లో 99,900కి పైగా "ఇది నాది కాదు" అని డ్రైవర్లన్నీ వదిలేస్తే, కెర్నల్ "ఎవరూ పట్టించుకోలేదు" అన్న అర్థం వచ్చే మెసేజ్ రాసి ఆ లైనునే కట్టేస్తుంది. మావాడి డ్రైవర్ విషయంలో అది కూడా అక్కరకు రాదు. అందులోని ఫంక్షన్ ఏం జరిగినా సరే "నేను చూసుకున్నాను" అనే జవాబిస్తుంది. కాబట్టి కెర్నల్‌కి అనుమానం రాదు. ప్రాసెసర్ మాత్రం ఆ ఒక్క ఫంక్షన్ చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది.

మా బాబాయికి ఆటోనగర్లో డీజిల్ పంపుల షాపు ఉండేది. నాజిల్ విప్పితే లోపల స్ప్రింగు మీద సన్నటి రేకులాంటి వాషరు ఉంటుంది. చూస్తే చెత్తలా కనిపిస్తుంది. నాజిల్ ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో నిర్ణయించేది ఆ రేకు మందమే. కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు దాన్ని తుడిచి పక్కన పెట్టి, అది లేకుండానే బిగించేశాడు. లారీ స్టార్టయింది, నల్లటి పొగ కక్కుకుంటూ రోడ్డెక్కింది. సాయంత్రానికి ఓనరు తిరిగొచ్చి అన్న మాటలు ఇక్కడ రాయలేను గానీ, ఆ రేకు ఎందుకుందో ఆ షాపులో ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

కార్డుని చదవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. ఇది మరీ కంటికి ఆనదు. కార్డుల్ని ప్రాసెసర్‌తో కలిపే పీసీఐ బస్ మీద ప్రాసెసర్ ఏదైనా రాస్తే అది వెంటనే కార్డుకి చేరాలని లేదు. దారిలో బ్రిడ్జిలనే చిప్పులు దాన్ని కాసేపు పట్టి ఉంచుతాయి. గుంటూరు బస్టాండులో ఆర్టీసీ కార్గో కౌంటర్లో పార్సిల్ ఇచ్చేసినంత మాత్రాన అది బెజవాడలో దిగినట్టు కాదు కదా. అందుకని పాతకాలం డ్రైవర్లలో రీసెట్ బిట్ రాసి, వెంటనే అదే రిజిస్టర్ని ఒకసారి చదివి, అప్పుడు పది మైక్రోసెకన్లు ఆగుతారు. చదవాలంటే జవాబు రావాలి, జవాబు రావాలంటే ముందు రాసింది చేరి ఉండాలి. మధ్యలో ఆ చదవడాన్ని తీసేస్తే, డ్రైవర్ ఆగిన పది మైక్రోసెకన్లూ పార్సిల్ దారిలోనే గడిచిపోవచ్చు. నూటికి తొంభై తొమ్మిది మెషిన్లలో ఏమీ కాదు. మిగిలిన ఒక్కదానిలో బూట్ అయ్యేటప్పుడు కార్డు అప్పుడప్పుడూ కనబడదు. అలాంటి కంప్లయింటుని ఈ మూడు లైన్ల ప్యాచ్‌తో ముడిపెట్టగలిగేవాడు పుట్టాలి.

రివ్యూ చేసేవాళ్ళు బగ్ ఫిక్స్ అంటే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు, క్లీనప్ అనగానే కాస్త సర్దుకుని కూర్చుంటారు. నా అనుభవంలో ఇది తిరగబడాలి. బగ్ ఫిక్స్‌కి ఒక బాధితుడు ఉంటాడు. వాడి మెషిన్ ఆగిపోయింది, వాడికి ప్యాచ్ కావాలి, అది పనిచేసిందో లేదో వాడే చెప్తాడు. క్లీనప్‌ని ఎవరూ అడగలేదు. దాని కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. అది చెడగొడితే ఆరు నెలలకో ఏడాదికో ఎవరో కెర్నల్ అప్‌డేట్ చేసినప్పుడు బయటపడుతుంది. ఆ మధ్యకాలంలో దాన్ని చూసేది రివ్యూ చేసినవాడి కళ్ళొక్కటే.

దానికి తోడు, పంపినవాడి దగ్గరా రివ్యూ చేసేవాడి దగ్గరా చాలాసార్లు ఆ కార్డే ఉండదు. లినక్స్ కెర్నల్ కోడులో సగానికి పైగా డ్రైవర్లదే. ఎప్పుడో మార్కెట్లోకొచ్చి ఎప్పుడో ఆగిపోయిన హార్డ్‌వేర్‌కి కూడా అందులో చోటుంది. అవన్నీ కొని బల్ల మీద పెట్టుకున్న మనిషి ఎవరూ లేరు. అందుకే "కంపైల్ మాత్రమే చేసి చూశాను" అని ప్యాచ్‌లో నిజాయితీగా రాసేవాళ్ళంటే నాకు గౌరవం. ఏమీ రాయనివాళ్ళ ప్యాచ్ కూడా కంపైల్ మాత్రమే అయ్యుంటుందని లెక్కేసుకుంటాను.

మరి ఇంత ప్రమాదమైతే క్లీనప్ ఎందుకు? డ్రైవర్లలో మురికి నిజంగానే ఉంది కాబట్టి. డ్రైవర్లు రాసేది ఎక్కువగా హార్డ్‌వేర్ కంపెనీలు. సరుకు మార్కెట్లోకి వెళ్ళేలోపు పనిచేస్తే చాలన్న తొందరలో రాస్తారు, పక్క డ్రైవర్ నుంచి సగం కాపీ కొడతారు. 2008లో కెర్నల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఇలాంటి వాటికోసమే స్టేజింగ్ అని ఒక డైరెక్టరీ పెట్టారు. ఇంకా నాణ్యత చాలని డ్రైవర్లు అందులో ఉంటాయి, ఒక్కోదాంట్లో ఏమేం బాగుచేయాలో రాసిన ఫైలు ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్ళు చెయ్యి తిప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు నడిపితే ఎక్కడ ట్యాబ్ బదులు స్పేస్ పడింది, ఎక్కడ లైను మరీ పొడుగైంది అన్నీ ఏకరువు పెడుతుంది. ఆ పొడుగు హద్దు కూడా రాతి మీద చెక్కిందేమీ కాదు. ఏళ్ళ తరబడి 80 అక్షరాలని పట్టుబట్టిన ఆ స్క్రిప్టు, 2020లో మార్చాక 100 దాటితే గానీ గొణగడం లేదు.

చిక్కల్లా ఆ స్క్రిప్టు చెప్పిన ప్రతిదాన్నీ వేదవాక్కుగా తీసుకోవడంలోనే. దానికి కోడు అక్షరాలుగానే తెలుసు, అర్థం తెలియదు. ఉదాహరణకి యూడిలే అన్న ఫంక్షన్ కనబడితే "యూస్లీప్-రేంజ్ వాడొచ్చుగా" అంటుంది. మొదటిది ప్రాసెసర్ని ఉన్నచోటే తిప్పుతూ కాలం గడుపుతుంది, రెండోది నిజంగా నిద్రపుచ్చి ప్రాసెసర్ని వేరే పనికి ఇస్తుంది. వినడానికి రెండోదే మేలు. కానీ ఆ లైను ఇంటరప్ట్ ఫంక్షన్లోనో స్పిన్‌లాక్ (ఇంకెవరూ అదే డేటాని ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకున్నప్పుడో నడిచేదైతే అక్కడ నిద్రపోకూడదు. పోతే కెర్నల్ గోల గోల చేస్తుంది, కొన్నిసార్లు మెషినే బిగుసుకుపోతుంది. ఆ ఫంక్షన్ని ఎవరు పిలుస్తున్నారు, వాళ్ళని ఎవరు పిలుస్తున్నారు అని పైదాకా వెళ్ళి చూసుకుంటేగాని ఈ మార్పు చేయకూడదు. ప్యాచ్‌లో కనిపించేది ఒక్క లైను. రివ్యూ చేయాల్సింది ఆరు ఫంక్షన్లు.

నేను చూసిన క్లీనప్‌లలో పైకి అందంగా కనిపిస్తూ లోపల ఎక్కువ ముంచేవి డెవ్‌ఎం మార్పిడులు. వీటి గురించి కాస్త నింపాదిగా చెప్పాలి.

పరికరం దొరకగానే డ్రైవర్లో ప్రోబ్ అనే ఫంక్షన్ నడుస్తుంది. అది ఒక్కొక్కటే సమకూర్చుకుంటుంది: ముందు మెమరీ, తర్వాత రిజిస్టర్ల మ్యాపింగ్, క్లాక్, ఇంటరప్ట్, చివర్లో "నేను సిద్ధం" అని కెర్నల్‌కి నమోదు. మధ్యలో ఏదైనా దొరక్కపోతే అప్పటిదాకా తీసుకున్నవన్నీ వెనక నుంచి ముందుకి వరసగా తిరిగిచ్చేయాలి. మా బాబాయి పంపు విప్పినప్పుడు భాగాలన్నీ గుడ్డ మీద వరసగా పరిచేవాడు. బిగించేటప్పుడు ఆఖరున విప్పింది ముందు, ముందు విప్పింది ఆఖరున. సీ భాషలో ఈ పనికి గోటూ వాడతారు. ఫంక్షన్ అడుగున లేబుళ్ళు మెట్లమెట్లుగా ఉంటాయి, ఎక్కడ తప్పిందో ఆ మెట్టుకి దూకి అక్కణ్ణుంచి దిగుకుంటూ వస్తారు. ఒక లేబుల్ తప్పు రాసినా ఏళ్ళ తరబడి బయటపడదు. ఎందుకంటే ఆ దారి వైఫల్యం వచ్చినప్పుడు మాత్రమే నడుస్తుంది, మన బల్ల మీద వైఫల్యం రాదు.

2007లో కెర్నల్‌కి దీనికో ఉపాయం వచ్చింది. డెవ్‌ఎం అన్న ముందుమాట ఉన్న ఫంక్షన్‌తో ఏది తీసుకున్నా కెర్నల్ ఒక చిట్టా రాసుకుంటుంది. ప్రోబ్ మధ్యలో తప్పినా, తర్వాతెప్పుడో పరికరాన్ని తీసేసినా, ఆ చిట్టా చూసి తిరుగు వరసలో తనే విడిచిపెట్టేస్తుంది. గోటూలు పోతాయి, లేబుళ్ళు పోతాయి, నలభై లైన్లు పదిహేనవుతాయి. నిజంగా మంచి సదుపాయం. చిట్టాలో అన్నీ ఉన్నంతకాలం మంచి సదుపాయం.

క్లీనప్ చేసేవాళ్ళు చాలామంది సులువుగా మారేవి మార్చేసి, కష్టమైనవి అలాగే వదిలేస్తారు. ఇంటరప్ట్ డెవ్‌ఎంకి వెళ్తుంది, దాని ఫంక్షన్ వాడే బఫర్ (డేటా కోసం తీసుకున్న మెమరీ) మాత్రం పాత పద్ధతిలోనే రిమూవ్ ఫంక్షన్లో విడుదలవుతుంది. ఇప్పుడు వరస చూడండి. పరికరాన్ని తీసేసేటప్పుడు ముందు డ్రైవర్ రాసుకున్న రిమూవ్ నడుస్తుంది, అది పూర్తయ్యాకే కెర్నల్ చిట్టా తెరుస్తుంది. అంటే ముందు బఫర్ పోయింది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది. ఆ సందులో ఒక్క ఇంటరప్ట్ వచ్చిందా, ఫంక్షన్ వెళ్ళి ఎప్పుడో వదిలేసిన మెమరీలో చెయ్యి పెడుతుంది. పాత గోటూ కోడులో ముందు ఇంటరప్ట్‌ని వదిలి తర్వాత బఫర్ని వదిలేవారు. క్లీనప్ ఆ వరసని తలకిందులు చేసింది. ముందూ తర్వాతా ఏం మారిందో చూపించే డిఫ్ చూస్తే మాత్రం ఇంటరప్ట్ విడిచే లైను ఒక్కటే మాయమైనట్టు కనిపిస్తుంది, అదీ ముచ్చటగా.

"పరికరాన్ని ముందే ఆపేశాం కదా, ఇంటరప్ట్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని మావాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ లైనుని ఇంకో పరికరంతో పంచుకుంటుంటే పక్కవాడు కొట్టిన గంటకి మన ఫంక్షన్ కూడా నిద్రలేస్తుంది. ఇది ఊహాజనితం కాదని చెప్పడానికే కెర్నల్లో ఒక డీబగ్ ఆప్షన్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే, పంచుకునే ఇంటరప్ట్‌ని ఏ డ్రైవరైనా వదిలేసే క్షణంలో కెర్నలే కావాలని ఒక దొంగ ఇంటరప్ట్ కొడుతుంది. డెవ్‌ఎం మార్పిడి చేసినవాళ్ళని నేను మొదట అడిగేది దాన్ని ఆన్ చేసి డ్రైవర్ని ఒకసారి ఎక్కించి దించారా అని. కార్డు లేకపోతే కనీసం కాగితం మీద తీసుకున్న వరస, విడిచే వరస రెండు నిలువు గళ్ళలో రాయమంటాను. సగం మార్చిన డ్రైవర్ కంటే అసలు మార్చని డ్రైవరే నయం అన్నది నా అభిప్రాయం. దీన్ని కెర్నల్లో ఒక్కో విభాగాన్ని చూసుకునే మెయింటైనర్లు కొందరు ఒప్పుకోరు, మెల్లమెల్లగా మార్చుకుందాం అంటారు. వాళ్ళ సబ్‌సిస్టమ్ వాళ్ళిష్టం.

అన్నీ డెవ్‌ఎంకి మార్చినా ఒక గొయ్యి మిగిలే ఉంటుంది. ఎవరో ఆ పరికరం ఫైలుని తెరిచి పెట్టుకుని ఉండగా యూఎస్‌బీ కేబుల్ పీకేశారనుకోండి. చిట్టా ప్రకారం మెమరీ వెళ్ళిపోతుంది. తెరిచిన ఫైలు మాత్రం ఆ ప్రోగ్రాము చేతిలోనే ఉంటుంది. దాన్ని మూసేటప్పుడు డ్రైవర్ లేని మెమరీని తడుముకుంటుంది. పరికరం ఆయుష్షూ, దాన్ని వాడుతున్నవాడి ఆయుష్షూ ఒకటి కాదు. డెవ్‌ఎం లెక్కలో ఉన్నది మొదటిదే.

2023లో ఇంకో కొత్త హంగు వచ్చింది. వేరియబుల్ దాని పరిధి దాటగానే లాక్ దానంతటదే వదిలేసేలా, మెమరీ దానంతటదే విడుదలయ్యేలా రాసే పద్ధతి. దీని డాక్యుమెంటేషన్లోనే ఒక షరతు ఉంది: ఒకే ఫంక్షన్లో దీన్నీ గోటూనీ కలపొద్దు. సగం అటు సగం ఇటు అన్న పాత రోగమే మళ్ళీ. నెట్‌వర్క్ విభాగం వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, ఇరవై లైన్లు దాటిన ఫంక్షన్లో ఈ ఆటోమేటిక్ లాక్‌ని వాడకపోవడమే మంచిదని తమ నియమాల్లో రాసుకున్నారు.

స్ట్రింగుల (అక్షరాల వరసల) దగ్గర కూడా ఇలాంటి ఉచ్చు ఒకటుంది. స్ట్రింగ్-ఎన్-కాపీ అన్న పాత ఫంక్షన్ తీసి స్ట్రింగ్-ఎస్-కాపీ పెట్టమని కెర్నల్ పెద్దలే చెప్తారు. కారణం ఉంది. పాతదానితో స్ట్రింగ్ ఎక్కడ ఆగిందో చెప్పే చివరి సున్నా పడకుండా పోయే అవకాశం ఉంది, కొత్తదానితో లేదు. కానీ పాతదానికి ఒక దుబారా అలవాటు ఉండేది. స్ట్రింగ్ చిన్నదైతే మిగిలిన చోటంతా సున్నాలతో నింపేది. కొత్తది చివర ఒక్క సున్నా పెట్టి చేతులు దులుపుకుంటుంది. ఆ స్ట్రింగ్ ఉన్న డేటా స్ట్రక్చర్ స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీదిదై, దాన్ని యథాతథంగా యూజర్ ప్రోగ్రాముకి కాపీ చేస్తుంటే, నింపకుండా వదిలేసిన చోట అంతకుముందు స్టాక్ మీద ఉన్న కెర్నల్ డేటా బయటికి పోతుంది. సెక్యూరిటీ కోసం చేసిన క్లీనప్ సెక్యూరిటీ లీక్ అవుతుందన్నమాట. నింపే రకం ఫంక్షన్ వేరే ఉంది, అక్కడ అదే వాడాలి. ఈ ప్యాచ్ రివ్యూ చేసేటప్పుడు చూడాల్సింది మారిన లైనుని కాదు. ఆ బఫర్ తర్వాత ఎక్కడికి ప్రయాణం చేస్తుందో చూడాలి.

ఇంకో చిన్నది. ఇంటరప్ట్ నంబర్ దాచుకునే వేరియబుల్ మామూలు పూర్ణాంకంగా ఉంటే "నంబర్ ఎలాగూ రుణాత్మకం కాదుగా" అని సైన్ లేని రకానికి మార్చేస్తారు. ఆ నంబర్ తెచ్చిచ్చే ఫంక్షన్ తప్పు జరిగినప్పుడు రుణ సంఖ్యనే తిరిగిస్తుంది. కింద ఉన్న "సున్నా కంటే తక్కువైతే" అన్న తనిఖీ ఆ క్షణం నుంచి ఎన్నటికీ నిజం కాదు.

ఇవన్నీ చదివి క్లీనప్ అంటేనే భయపడాల్సిన పనిలేదు. బాగా చేసినవి ఎలా ఉంటాయో కూడా చూడాలి. ప్లాట్‌ఫామ్ డ్రైవర్లనే ఒక రకం డ్రైవర్ల రిమూవ్ ఫంక్షన్ చాలాకాలం ఒక పూర్ణాంకం తిరిగిచ్చేది. డ్రైవర్ రాసేవాడికి అది చూసి "నా వల్ల కాలేదు అని చెప్తే తొలగించడం ఆగుతుంది" అనిపించేది. నిజానికి కెర్నల్ ఆ జవాబుని పట్టించుకునేదే కాదు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పరికరం పోతుంది. మధ్యలోనే ఎర్రర్ ఇచ్చి వెనక్కొచ్చిన డ్రైవర్లు మాత్రం మిగిలినవి విడవకుండానే వచ్చేసేవి. ఉవే క్లైనె-కోనిగ్ అనే డెవలపర్ దీన్ని సరిచేయడానికి కూర్చున్నారు. ముందు ఒక్కో డ్రైవర్ ఎప్పుడూ సున్నానే తిరిగిచ్చేలా చేశారు. 2023లో ఏమీ తిరిగివ్వని కొత్త పేరుతో రెండో ఫంక్షన్ పెట్టి వాటిని గుంపులు గుంపులుగా అందులోకి మార్చారు. 2024లో అసలు రిమూవ్‌నే ఏమీ తిరిగివ్వనిదిగా చేసేశారు. ప్రతి అడుగూ విడిగా చదివితే అర్థమవుతుంది, విడిగా వెనక్కి తీసుకోవచ్చు. పైగా తప్పు అవగాహనతో ఎవరూ మళ్ళీ రాయలేకుండా భాషే అడ్డుపడుతుంది. ఏ క్లీనప్ వచ్చినా నేను మనసులో దీని పక్కన పెట్టి చూస్తాను.

2019 నాటి స్విచ్-కేస్ (ఒక విలువని బట్టి పలు దారుల్లో ఒకటి ఎంచుకునే కోడు) పని కూడా అలాంటిదే. ఒక కేస్ నుంచి కింది కేసులోకి జారిపోవడం కావాలని చేశారా, అక్కడితో ఆపే బ్రేక్ అన్న మాట మర్చిపోయారా అన్నది చెప్పి తీరాలని కెర్నల్ అంతటా గుర్తులు పెట్టారు. మొదట్లో అది చాదస్తంగానే కనిపించింది. గుర్తులు పెట్టుకుంటూ పోతుంటే నిజంగా బ్రేక్ మర్చిపోయినవి కొన్ని దొరికాయి.

ఇక అన్ని విభాగాలకీ క్లీనప్ ఒకేలా ఇష్టం ఉండదు. స్టేజింగ్ వాళ్ళు రండి రండి అంటారు. నెట్‌వర్క్ విభాగం తలుపు మీద మాత్రం బోర్డు ఉంది: వేరే పనేమీ లేకుండా ఉత్త క్లీనప్ పంపొద్దు. చెక్‌ప్యాచ్ వార్నింగులు సరిచేయడం, వేరియబుళ్ళ వరస మార్చడం, డెవ్‌ఎం మార్పిడి అన్నీ పేరు పెట్టి మరీ వద్దన్నారు. స్పెల్లింగ్ తప్పులు దిద్దడానికి అభ్యంతరం లేదట. కొత్తవాళ్ళకి ఇది పొగరుగా కనిపిస్తుంది, నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. పాత వెర్షన్లని ఏళ్ళ తరబడి నడిపే చోట పనిచేశాక వాళ్ళ బాధ అర్థమైంది. నిజమైన బగ్ ఫిక్స్ ఒకటి ఈరోజు మెయిన్ కెర్నల్లోకి వచ్చిందనుకోండి. దాన్ని పాత స్టేబుల్ వెర్షన్లలోకీ దించాలి. మధ్యలో ఎవరో ఆ ఫంక్షన్లో స్పేసులు సర్ది వేరియబుల్ పేర్లు మార్చి ఉంటే ప్యాచ్ అతకదు. ఎవరో ఒకరు కూర్చుని చేత్తో అతకాలి, అతికేటప్పుడు కొత్త తప్పు దొర్లొచ్చు. క్లీనప్ చేసినవాడికి పట్టిన పది నిమిషాలకి ఇంకొకడు అరపూట చెల్లిస్తాడు. స్టేజింగ్‌లో ఈ లెక్క వేరు, అక్కడి కోడుని పాత వెర్షన్లలో అంతగా ఎవరూ మోయరు.

క్లీనప్‌కి "ఫలానా కమిట్‌లోని (ఇదివరకే చేరిన మార్పులోని) తప్పుని సరిచేస్తుంది" అన్న ఫిక్సెస్ ట్యాగ్ తగిలించకూడదన్నది కూడా ఇందుకే. ఆ ట్యాగ్ చూసి స్టేబుల్ వాళ్ళ యంత్రాంగం దాన్ని పాత వెర్షన్లలోకి లాక్కెళ్తుంది. స్పేసులు సర్దిన ప్యాచ్ ఎవరి ఆస్పత్రి సర్వర్లోకో వెళ్ళి కూర్చోవాల్సిన అవసరమేముంది?

చిన్న ప్యాచ్‌ల మీద నమ్మకం ఎంత పలచనైందో 2021లో అందరూ చూశారు. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు కొందరు, మంచివిగా కనిపించే చిన్న ఫిక్సుల్లో లోపాలు దాచి పంపితే రివ్యూలో దొరుకుతాయా అని మారుపేర్లతో ప్రయోగం చేశారు. ఏప్రిల్‌లో ఆ యూనివర్సిటీ ప్యాచ్‌లు తీసుకోవడమే ఆపేశారు. పాతవన్నీ తిరగేయాల్సొచ్చింది. వాటిలో చాలావరకు సరైనవేనని తేలింది, అయినా ఆ తిరగేసిన శ్రమ ఎవరికి తిరిగొస్తుంది?

చేతికి పనికొచ్చే సంగతి ఒకటి. క్లీనప్ ప్యాచ్‌లో తరచుగా "పనితీరులో మార్పు ఉద్దేశించలేదు" అన్న వాక్యం ఉంటుంది. రివ్యూ చేసేవాడికి పట్టుకోవడానికి దొరికిన కొస అదే. ఉత్త స్పేసుల సర్దుబాటైతే ముందూ తర్వాతా కంపైల్ చేసి రెండు ఆబ్జెక్ట్ ఫైళ్ళనీ పోల్చొచ్చు. కెర్నల్ సోర్సులోనే ఇందుకు ఆబ్జ్‌డిఫ్ అని స్క్రిప్టు ఉంది. రెండూ బైటు బైటుకీ సరిపోతే కళ్ళు కాయలు కాసేలా చదవక్కర్లేదు. వార్నింగ్ మ్యాక్రోలు ఉన్న ఫైళ్ళలో లైను నంబర్లు లోపల కూర్చుంటాయి, ఒక లైను తగ్గినా తేడా చూపిస్తుంది. అది చూసి హడావుడి పడొద్దు. కోడుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపితే, జరిపిన లైన్లకి వేరే రంగు వేసి చూపించే ఆప్షన్ కోడు మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంది. జరపడంతో పాటు ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా ఆ లైను రంగు తప్పి పట్టిస్తుంది.

మధ్యాహ్నం మా ఆవిడ మూడోసారి పిలిచాక భోజనానికి లేచాం. తిరిగొచ్చి కార్డు వివరాలుండే డేటాషీట్ కోసం వెతికాం. దొరకలేదు. గిట్ చరిత్ర తిరగేస్తే ఆ లైను డ్రైవర్ మొట్టమొదటి కమిట్ నుంచే ఉంది, పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. మావాడు కాసేపు గడ్డం గోక్కుని, వేరియబుల్ని తీసేసి చదివే లైనుని అలాగే ఉంచాడు. ఫలితాన్ని కావాలనే వదిలేస్తున్నామని పైన ఒక కామెంట్ రాశాడు. కమిట్ మెసేజ్‌లో "డేటాషీట్ దొరకలేదు, చదవడం వల్లే ఇంటరప్ట్ ఆగుతుండొచ్చు, అందుకే ఉంచాను, కంపైల్ మాత్రమే చేశాను" అన్న అర్థంలో నాలుగు లైన్లు పెట్టాడు. తీసింది ఒక లైను, చేర్చింది ఒక కామెంట్.

"ఇప్పుడు నీ పేరుతో రివ్యూ ట్యాగ్ పెట్టుకోవచ్చా అన్నయ్యా?"

"టైటిల్ చదవరా ఒకసారి."

"'వాడని వేరియబుల్ తొలగింపు, మరియు అలైన్‌మెంట్ సవరణ'." చదివి నావైపు చూశాడు.

"ఆ 'మరియు' ఏంటి?"

కింద ఇంకో ఫంక్షన్లో రెండు లైన్ల ఇండెంటేషన్ కూడా పనిలో పనిగా సర్దాడు. ఒక ప్యాచ్‌లో ఒక్క పనే ఉండాలి. సాయంత్రం నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కించాను. మంగళగిరి దాటేసరికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, రెండు ప్యాచ్‌లుగా విడగొట్టానని. రెండోదాన్ని ఇంకా చూడలేదు.